రామాయంపేట రోడ్డు మీద వెనక్కి తిరిగిన మారథాన్

ఈ పరుగు నిజానికి మా ఆయన రవీందర్‌ది. పదేళ్లుగా ఆయన ప్రతి చలికాలం ఏదో ఒక ఊళ్లో మారథాన్ పరుగెత్తేవాడు. పుట్టుకతో గుండెజబ్బు ఉన్న పిల్లలకు ఆపరేషన్లు చేయించే ఒక ధర్మసంస్థ కోసం తెలిసినవాళ్లందరినీ అడిగి విరాళాలు పోగుచేసేవాడు. నా పని అరటిపళ్లు సర్దివ్వడం, చివర్లో తువ్వాలు పట్టుకుని నిలబడడం. పోయిన జనవరిలో ఒక పొద్దున ఆయన వాకిట్లో కూర్చుని, గ్యాస్ పట్టిందేమో, కొంచెం సోడా తెమ్మన్నాడు. సోడా తెచ్చేసరికి బనియన్ మొత్తం చెమటతో తడిసిపోయి ఉంది. అది గ్యాస్ కాదు. నలభై ఏడేళ్ల మనిషికి రెండు స్టెంట్లు వేశారు.

ఆస్పత్రిలో మా పక్క వరండాలో రేగోడ్ వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉండేవారు. వాళ్ల నాలుగేళ్ల పాపకు గుండెలో రంధ్రం. ఆ పాప రోజూ వచ్చి రవీందర్ మంచం చువ్వలు పట్టుకుని ఊగేది. డిశ్చార్జి రోజున ఆయన ఆ పాపనే చూస్తూ, "ఈ యాడాది ఎవలు ఉర్కుతరు సుజాతా?" అన్నాడు. మేమిద్దరం ఒకే కాలేజీలో చదువుకున్నాం. పెళ్లయినా ఆ చనువు పోలేదు. "నేను ఉర్కుత తియ్" అన్నాను. ఓదార్పుకు అన్నమాట అది. నేను బళ్లో లెక్కలు చెప్పే మనిషిని, అప్పటికి బస్సు కోసం కూడా పరుగెత్తి ఎరగను. కానీ ఆయన ఆ మాట పట్టుకున్నాడు. అల్వాల్‌లో మా ఇంటి చుట్టుపక్కల సందుల్లో మొదలుపెట్టి, పది నెలల్లో ముప్పై కిలోమీటర్ల దాకా లాక్కొచ్చాను. ఆయన స్కూటర్ మీద వెనకే వచ్చేవాడు. నేను ముందు చూసి పరుగెత్తేదాని కంటే వెనక్కి తిరిగి ఆయన్ను చూసిందే ఎక్కువ.

పరుగు ఆదివారం, మెదక్‌లో. మేము శనివారం పొద్దున్నే జూబ్లీ బస్టాండ్‌లో నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. రవీందర్‌కు నూట యాభై పైచిలుకు అయింది. రెండున్నర గంటల దారి. నర్సాపూర్ అడవి దగ్గర చల్లగాలి బాగా కొడుతుంది, స్వెట్టర్ పైన పెట్టుకోండి. మనోహరాబాద్ మీదుగా రైలు కూడా ఉంది కానీ దాని వేళ మాకు కుదరలేదు. బస్టాండ్‌కు దగ్గర్లోనే ఒక లాడ్జిలో తొమ్మిది వందలకు గది దొరికింది. గది చూడగానే నేను చేసిన మొదటి పని కింది మేనేజర్‌ను అడగడం: "ఈడ పెద్ద దవాఖాన ఎంత దూరం?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆటోల అయిదు నిమిషాలమ్మా. ఎవలికి బాగలేదు?" అన్నాడు. "అందరం మంచిగనే ఉన్నం" అన్నాను.

మధ్యాహ్నం చర్చి ఆవరణలో నంబరు పట్టీలు ఇచ్చారు. మెదక్ చర్చిని ఫోటోల్లో చూసినవాళ్లు కూడా ఒకసారి లోపలికి వెళ్లి నిలబడాలి. రంగుటద్దాల్లోంచి వెలుగు నేల మీద పడుతుంటే ఎవరికైనా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. అక్కడి నుంచి రవీందర్ ఖిల్లా ఎక్కుదామన్నాడు. నేను వద్దన్నాను. డాక్టర్ మెట్లు ఎక్కొచ్చన్నాడని ఆయన, ఇన్ని మెట్లని చెప్పలేదని నేను. చివరికి సగం దాకా వెళ్దామని ఒప్పందం. ఆయన ఒక మలుపు దగ్గర చటుక్కున కూర్చున్నాడు.

"ఏమైంది?"

"లేసు ఊడింది."

"నిజం చెప్పు."

"లేసు గూడ ఊడొద్దా నాకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, దిగేటప్పుడు నా కోసం ఆగకుండా ముందు నడిచాడు.

రాత్రి భోజనానికి రాందాస్ చౌరస్తా దగ్గర ఒక చిన్న హోటల్‌కు వెళ్లాం. జొన్నరొట్టెలు, పప్పు, కూర కలిపి ఇద్దరికీ రెండు వందల లోపే. వంటామె స్వయంగా వచ్చి వడ్డిస్తోంది. "అక్కా, కూరల ఉప్పు జర తక్కువెయ్యుండ్రి, మా ఆయనకు" అన్నాను. "ఉప్పెయ్యకుంటె అది కూర ఎట్లయితది బిడ్డా?" అందామె. రవీందర్ కలగజేసుకుని, "నువ్వు ఎప్పటిలెక్కనే చెయ్యక్కా, నేనే కూర తక్కువ తింట" అన్నాడు. ఆయన నా వైపు చూడలేదు.

మేము పెట్టుకున్న ఏర్పాటు ఇదీ. పరుగు చర్చి దగ్గర మొదలై, ఊళ్లో ఒక చుట్టు తిరిగి రామాయంపేట రోడ్డెక్కుతుంది. రామాయంపేట శివారులో వెనక్కి తిరిగి, అదే దారిన చర్చికి చేరాలి. రవీందర్ ఒక ఆటోలో వచ్చి, వెళ్లేటప్పుడు పదో కిలోమీటరు దగ్గర, మలుపు దగ్గర, తిరుగుదారిలో ముప్పై దాటాక నన్ను కలవాలి. అరటిపండు, ఉప్పేసిన నిమ్మరసం ఆయన దగ్గర ఉంటాయి. ఆటో యాదగిరిది. చౌరస్తాలోనే కలిశాడు, మధ్యాహ్నం దాకా వెయ్యి రూపాయల కిరాయికి ఒప్పుకున్నాడు. రవీందర్ అటు తిరిగినప్పుడు యాదగిరితో మెల్లగా, "మా సార్‌కు గుండె ఆపరేషనైంది. జర చూస్తుండు" అన్నాను. అతను తలూపి, "ఎర్కనే మేడం. 'మా మేడం నీకు గిట్ల చెప్తది, సరే అను' అని సారే చెప్పిండు" అన్నాడు.

తెల్లవారుజామున ఐదు గంటలకు పరుగు మొదలైంది. చర్చి ముందు డప్పులు కొట్టారు. మొత్తం రెండు వందల మందిమి ఉంటామేమో, అందులో నలభై రెండు కిలోమీటర్లూ పరుగెత్తేవాళ్లం చాలా కొద్దిమంది. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. రవీందర్ తన నీలం జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని నా పక్కన నిలబడి, "మొదటి పది ఎంత మెల్లగ పోతే గంత మంచిది. నా గురించి ఆలోచన చెయ్యకు" అన్నాడు. నా నడుం సంచిలో ఫోనూ, ఆయన నాలుక కింద పెట్టుకునే మాత్రల పట్టీ ఒకటీ ఉన్నాయి. అలాంటి పట్టీ ఆయన జేబులోనూ ఉంది. అయినా ఇంకొకటి నా దగ్గర లేకపోతే నాకు ఊపిరాడదు.

రామాయంపేట రోడ్డెక్కాక చాలాసేపు చీకటి. తెల్లారేసరికి రెండు వైపులా కోసిన మళ్లు, వాటి మీద పొగమంచు. పదో కిలోమీటరు దగ్గర ఆటో ఆగి ఉంది. రవీందర్ పండు ఒలిచి పట్టుకుని ఉన్నాడు. "మంచిగ పోతున్నవ్" అన్నాడు. ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు ముందుకు వెళ్తే నీళ్ల టేబుల్ ఉంది, చర్చి వాళ్లు పెట్టింది. అక్కడ గ్రేసమ్మ అనే రిటైర్డ్ టీచర్ చెవులకు మఫ్లర్ చుట్టుకుని, వచ్చినవాళ్లందరినీ పలకరిస్తూ నీళ్లిస్తున్నారు. నేను కూడా టీచర్నే అని తెలిసి, "గట్లయితే నువ్వు మా మనిషివే. వాపస్ వచ్చేటప్పుడు నా కాడ ఆగాలె" అన్నారు.

మలుపుకు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా వడ్లు మొదలయ్యాయి. కోతల కాలంలో ఈ దారిన వచ్చేవాళ్లకు తెలుసు, రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పేరుస్తారు. బండ్లు మిగిలిన సగంలోంచి పోతాయి. ఒకచోట ముసలి దంపతులిద్దరు మీద కప్పిన పట్టాలు తీసి వడ్లు పలుచగా నేర్పుతున్నారు. నేను అంచు మీదుగా వెళ్లబోతే ఆ అవ్వ, "పైలం బిడ్డా, గింజల మీద జారుతవ్" అని కేకేసింది. మలుపు తిరిగి వచ్చేటప్పుడు కూడా వాళ్లిద్దరూ అలాగే పనిలో ఉన్నారు. తాత నన్ను చూసి చెయ్యెత్తాడు.

మలుపు దగ్గరికి చేరేసరికి ఎనిమిదైంది. రవీందర్ ఆటోకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట. "ఎందుకు చెమట పట్టింది?" అన్నాను, నిమ్మరసం సీసా అందుకుంటూనే. "ఎండ వచ్చింది, జాకెట్ ఏసుకున్న, గంతే" అన్నాడు. "మరి విప్పు." విప్పి చేతిమీద వేసుకున్నాడు. "యాదగిరి చాయ తాగుతుండు, తాగినంక నీ ఎనకనే వస్తం. నువ్వు పో." వెళ్లాను. కానీ ఆ చెమట నా మెదడులోంచి పోలేదు. ఎండ వచ్చిన మాట నిజమే. నాకూ చెమట పడుతోంది. నేను పరుగెత్తుతున్నాను కాబట్టి పడుతోంది, ఆయన ఊరికే నిలబడి ఉన్నాడు కదా? జాకెట్ వేసుకున్నాడు కదా? ఇలా ప్రతి నాలుగడుగులకూ ఒక ప్రశ్న, దానికొక సమాధానం.

ఆటో నన్ను దాటాలి. అదే దారి, ఇంకో దారి లేదు. చాయ తాగడానికి పది నిమిషాలు, ఇరవై అనుకుందాం. లారీలు దాటాయి, ట్రాక్టర్లు దాటాయి, బడిపిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్తున్న వ్యాను దాటింది. ప్రతి ఆటో చప్పుడుకూ వెనక్కి చూశాను. యాదగిరి ఆటో రాలేదు. ఇరవై ఏడో కిలోమీటరు దాటాక ఎదురుగా మెదక్ వైపు నుంచి ఒక అంబులెన్స్ వచ్చింది. సైరన్ వేసుకుని నా పక్కనుంచి రామాయంపేట వైపు వెళ్లిపోయింది.

నేను ఆగిపోయాను. సంచిలోంచి ఫోన్ తీసి రవీందర్‌కు చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ మోగింది. యాదగిరికి చేస్తే ఎంగేజ్. ఇంకోసారి, ఇంకోసారి. ఎంగేజే. కొంచెం ముందు గ్రేసమ్మ గారి టేబుల్ కనిపిస్తోంది. అక్కడి దాకా ఎలా వెళ్లానో తెలియదు. విషయం చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పరేషాన్ గాకు. ఈడ కూసో. మలుపు కాడున్న మా చర్చి పిల్లలకు ఫోన్ చేసి కనుక్కుంట" అన్నారు. ఆవిడ అటు ఫోన్ చేస్తుండగానే నేను లేచి వెనక్కి నడవడం మొదలుపెట్టాను. నడక కాస్తా పరుగైంది. ఎదురుగా వస్తున్న ఒక రన్నర్, "మేడం, ముగింపు అటు" అని చేత్తో చూపించాడు. నేను ఆగలేదు.

కొంత దూరం వెళ్లానో లేదో, ఇందాకటి అంబులెన్స్ తిరిగి వస్తోంది. రోడ్డు మధ్యకు వెళ్లి రెండు చేతులూ ఊపాను. డ్రైవర్ హారన్ కొడుతూనే పక్కనుంచి తప్పించుకుని వెళ్లిపోయాడు. వెనక అద్దాలు తెల్లగా ఉన్నాయి, లోపల ఎవరున్నారో కనిపించలేదు. ఆ క్షణం నా బతుకులో మళ్లీ రాకూడదని కోరుకుంటాను. రవీందర్ అందులో ఉంటే నేను మెదక్ వైపు పరుగెత్తాలి. లేకపోతే రామాయంపేట వైపు. రెండు వైపులా చూస్తూ రోడ్డు మీద నిలబడిపోయాను. అప్పుడే రామాయంపేట వైపు నుంచి పాలక్యాన్లు కట్టిన మోటార్‌సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చి, నన్ను చూసి బండి ఆపాడు.

"ఏమైందమ్మా, గట్ల నిలవడ్డవ్?"

"అన్నా, ఆ అంబులెన్స్‌ల ఎవలు?"

"ఎవలికో గుండెల నొప్పొచ్చిందట. జనం నిలవడ్డరు. ఆడ ఆటో ఒకటి ఆగున్నది. గా మనిషిని ఎక్కిచ్చినంకనే నేనొచ్చిన."

ఆటో అనే మాట విన్నాక నాకు వేరే ఏదీ వినపడలేదు. "మనిషి ఎట్లున్నడు? ఎంత వయసు? ఏ అంగీ?" అని అడుగుతున్నాను. "నేను మొకం చూడలేదమ్మా. నీలం బట్ట ఒకటి తలకింద పెట్టున్నది" అన్నాడు. నీలం. నేను రోడ్డు మీదే కూలబడ్డాను. ఆయన బండి దిగి, నన్ను లేపి, క్యాన్లు ఒక పక్కకు జరిపి, "ఎక్కు బిడ్డా. ముందుగాల ఆడికి పోదాం. ఆడికెల్లి మెదక్ పోవాల్నంటె నేనే తీస్కపోత" అన్నాడు. ఎక్కాను. దారిపొడుగునా ఆయన ఏదో ధైర్యం చెబుతూనే ఉన్నాడు, ఒక్క మాటా గుర్తులేదు.

యాదగిరి ఆటో వడ్ల పక్కన ఆగి ఉంది. డ్రైవర్ సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ. వడ్లకు అవతల, ఒక వేపచెట్టు నీడలో, బనియన్ మీద తువ్వాలు కప్పుకుని రవీందర్ నిలబడి మేకల్ని అదిలిస్తున్నాడు.

నేను బండి ఆగకముందే దిగి పడబోయాను. వెళ్లి ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేశాను. తర్వాత అదే భుజం పట్టుకుని ఏడ్చాను. పాలాయన బండి తిప్పుకుని, "దొరికిండు గద బిడ్డా, ఇగ ఏడ్వకు" అని వెళ్లిపోయాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

"నాకేం కాలె. నాకేం కాలె సుజాతా" అంటున్నాడు రవీందర్.

"ఫోన్ ఏది?"

"జాకెట్ల ఉన్నది. జాకెట్ మడతపెట్టి తాత తలకింద పెట్టిన. అంబులెన్స్‌ల పోయింది."

జరిగింది ఇదీ. యాదగిరి చాయ తాగాక ఇద్దరూ బయల్దేరి ఇక్కడికి వచ్చేసరికి, ఆ అవ్వ రోడ్డు మధ్యలో కొంగు ఊపుతూ నిలబడి ఉంది. ఆమె పేరు లచ్చవ్వ. భర్త మల్లయ్య వడ్ల మీదే ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. "నాకు ఆనాడు వచ్చిందే సుజాతా. గదే చెమట. దవడ గుంజుతున్నదన్నడు. గ్యాసు బిడ్డా, జర సోడా తాగితే పోతదంటుండు. నేను గూడ గదే అన్న గద" అన్నాడు రవీందర్. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. అవతలివాళ్లు అడిగినవన్నీ చెప్పి, వాళ్లు చెప్పినట్టే తన దగ్గరున్న ఆస్పిరిన్ నమిలించాడు. కదలనివ్వకుండా పడుకోబెట్టాడు. అంబులెన్స్ వచ్చాక లచ్చవ్వ ఒక్కతే వెళ్లడానికి భయపడితే యాదగిరి తోడు ఎక్కాడు. తలుపు వేస్తుండగా ఆమె, "వడ్లు ఎట్ల బిడ్డా?" అందట. "నేను చూస్త, నువ్వు పో అవ్వా" అన్నాడట ఈయన. అందుకని కాపలా.

నా ఫోన్‌లోంచి యాదగిరికి చేస్తే ఈసారి కలిసింది. మెదక్‌లో పెద్దాస్పత్రికి చేరారు, మల్లయ్యను లోపలికి తీసుకెళ్లారు. "వాళ్ల కొడుక్కు, బామ్మర్దికి చేసుకుంటనే ఉన్న మేడం, అందుకే నా ఫోన్ కలువలె. సార్ ఫోన్ మోగింది గావచ్చు, సైరన్ల ఇనవడలె" అన్నాడు. కొడుకు ఊరి నుంచి బయల్దేరాడట. అతను రాగానే తాను ఎవరిదైనా బండి మీద వస్తానన్నాడు.

నేను చెట్టు కింద కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను. రవీందర్ చూశాడు.

"ఏం చేస్తున్నవ్?"

"అయిపోయింది. నేనిగ ఉరుక."

"ఎందుకు? కాలు పట్టిందా?"

"నిన్ను ఈడ ఒక్కన్ని ఇడిచిపెట్టి యాడికి పోవాలె నేను?"

ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు, కానీ ముఖంలో నేను చాలాకాలంగా చూడని నెమ్మది ఉంది. "పది నెలలాయె. నువ్వు నన్ను చూసుడే చూసుడు. ఎప్పుడు పడుతనో అని చూస్తవ్. నువ్వు గట్ల చూస్తుంటె నాకు గూడ గదే భయం. ఇయ్యాల ఒక గంటసేపు నన్నెవలు చూడలె. నేనే ఒకల్ని చూసిన. నా గుండె యాదికి గూడ రాలె నాకు" అన్నాడు. మేకలు మళ్లీ వడ్ల వైపు వచ్చాయి. ఆయన లేచి మెల్లగా వాటిని తోలి వచ్చాడు. ఊపిరి ఎలా ఉందో చూడబోయి, తల తిప్పుకున్నాను. అది ఎంత కష్టమైందో చెప్పలేను.

విరాళాలు అప్పటికే చేరాయి. నేను పూర్తి చేసినా చేయకపోయినా ఆ డబ్బు పిల్లలకే వెళ్తుంది. ఎవరూ నన్ను అడగరు. ఆ మాటే ఆయనతో అన్నాను. "ఎవలు అడుగరు" అని ఒప్పుకున్నాడు. "నీకు ఉరుకాలని ఉన్నదా లేదా, గంతే." ఉంది. అది నాకే ఆశ్చర్యంగా అనిపించింది. లేసులు మళ్లీ కట్టుకున్నాను. నా ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. యాదగిరి నంబర్ అందులోనే ఉంది, ఆస్పత్రి కబురు తెలియాలంటే ఆయన దగ్గరే ఉండాలి. "మరి నీకు?" అన్నాడు. "నాకొద్దు." నీళ్లు, ఉన్న ఒక్క అరటిపండు, నా టోపీ కూడా ఆయనకిచ్చి బయల్దేరాను. ఇంకా పద్ధెనిమిది కిలోమీటర్లు.

అప్పటికి తొమ్మిదిన్నర దాటింది, ఎండ ముదిరింది. తొడలు రాళ్లయ్యాయి. కానీ కాళ్ల బాధ కంటే నడుం సంచి తేలిగ్గా ఊగుతుండడమే ఎక్కువ బాధపెట్టింది. మాటిమాటికీ చెయ్యి అక్కడికే పోయేది, ఫోన్ ఉండేది కాదు. మల్లయ్యకు ఏమైందో తెలియదు. రవీందర్ ఎలా ఉన్నాడో తెలియదు. ఇంత జరిగాక, ఇంత ఎండలో, ఒంటరిగా. వెనక్కి తిరగాలని ఎన్నిసార్లు అనిపించిందో. గ్రేసమ్మ గారు టేబుల్ మడిచేసి, రెండు సీసాలు మాత్రం ఉంచుకుని, రాతి మీద కూర్చుని నా కోసం చూస్తున్నారు. "దొరికిండా?" "దొరికిండు టీచర్." ఆవిడ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, తన ఫోన్ నా చేతిలో పెట్టారు. నా నంబర్ నొక్కాను. ఎంగేజ్. ఎంగేజ్ అంటే మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడంటే బాగున్నాడు. లేదా ఎవరో ఆ ఫోన్ తీసుకుని అంబులెన్స్‌కు చేస్తున్నారు. ఆవిడ నా ముఖం చూసి ఫోన్ వెనక్కి తీసుకుని, "దేవుడున్నడు, పో బిడ్డా" అన్నారు. వెళ్లాను.

చివరి పది కిలోమీటర్లు ఎక్కువ నడిచాను, తక్కువ పరుగెత్తాను. ఊళ్లోకి వచ్చేసరికి ట్రాఫిక్ వదిలేశారు. చౌరస్తాలో మామూలు ఆదివారం జనం, బేరాలు, హారన్లు. నా ఛాతీ మీది నంబరు పట్టీ చూసి ఒక పండ్లబండి ఆమె, "ఇంక ఉరుకుతున్నరా? పొద్దుగాలనే అయిపాయె గద" అంది. చర్చి గేటులోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంట దాటింది. ముగింపు కమాను విప్పేశారు, గడ్డి మీద బట్టలా పడి ఉంది. గడువు ఎప్పుడో అయిపోయింది. కుర్చీలు పేరుస్తున్న ఇద్దరు వాలంటీర్లు ఆగి చప్పట్లు కొట్టారు. ఒకామె డబ్బాలోంచి పతకం వెతికి తెచ్చి, "టైం రాయలేం మేడం, ఇది మాత్రం తీసుకోండి" అని మెడలో వేసింది.

రవీందర్ లేడు. దారిలో ఆటో నన్ను దాటనూ లేదు. చర్చి మెట్ల మీద కూర్చున్నాను. ప్రార్థన ముగించుకుని వచ్చిన కుటుంబాలు చెట్ల కింద భోజనాలు చేస్తున్నాయి. ఎవరినైనా ఫోన్ అడగొచ్చు. అడగడానికే భయమేసింది. చాలాసేపటికి గేటులోంచి యాదగిరి ఆటో వచ్చింది. లేచి ఎదురెళ్లాను. వెనక సీట్లో రవీందర్ తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. జుట్టు నిండా వడ్ల పొట్టు.

"పండుకున్నడు మేడం" అన్నాడు యాదగిరి గొంతు తగ్గించి. "ముసలాయన మంచిగనే ఉన్నడు. టైంకు తెచ్చిండ్రన్నరు, హైద్రాబాద్ తోలుతుండ్రు. కొడుకు వడ్ల కాడికి వచ్చేదాంక సార్ కదలనన్నడు. గీ ఫోన్‌ల అందరితోని మాట్లాడుడే మాట్లాడుడు. లేపాల్నా?"

నేను ఆయన ఛాతీ వైపు చూశాను. లేస్తోంది, పడుతోంది. ఒక్కసారే చూశాను. "వద్దు, పండుకోనీ" అని, ఆటో అంచు మీద ఆయన కాళ్ల పక్కన కూర్చున్నాను.

వారం తర్వాత లచ్చవ్వ కొడుకు ఫోన్‌లోంచి మాట్లాడింది. మల్లయ్యకు స్టెంట్ వేశారట, ఇంటికి వచ్చాడట. "బీడీలు బందువెట్టిండ్రని ఇంట్ల అందరి మీద లేస్తుండు బిడ్డా" అని నవ్వింది. జాకెట్ ఉతికి పెట్టానని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పింది. అందులోని ఫోన్ యాదగిరి ఆ రోజే తెచ్చిచ్చాడు. మేమింకా వెళ్లలేదు. ఆ పరుగు తర్వాత నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఈ మాటలు రాస్తుండగా కూడా పక్కగదిలో ఆయన దగ్గితే వేళ్లు ఆగాయి. కాకపోతే మెదక్‌కు వెళ్లేముందు నేను ఆయన్ను బతికించాల్సిన మనిషిగా మాత్రమే చూసేదాన్ని. ఆ రోడ్డు పక్కన, ఎవరివో వడ్లకు కాపలా కాస్తూ నిలబడి, మరొకరిని బతికించిన మనిషిగా చూశాను. ఆ రెండో మనిషిని పెళ్లి చేసుకున్నానన్న సంగతి మధ్యలో ఎక్కడో మరిచిపోయాను. ఆయన ఈమధ్య పొద్దున్నే ఒక్కడే నడకకు వెళ్తున్నాడు. నేను వెళ్లనిస్తున్నాను. తిరిగొచ్చేదాకా వంటింట్లో పని ఏదీ సరిగ్గా చేయలేకపోతున్నాను, అది వేరే మాట.

ఇలాంటి పరుగుకు ఇంటివాళ్లను తోడు తీసుకెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. దారిలో ఎక్కడెక్కడ కలుసుకోవాలో అందరం మాట్లాడుకుంటాం. కలవాల్సిన చోట కలవకపోతే ఎవరు ఎక్కడ ఆగాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కూడా ముందురోజు రాత్రే అనుకోండి, మీతో వచ్చే ఆటో అన్నతో సహా.